రైస్ మిల్లు లెక్కల్ని లుకర్ స్టూడియోలో పెట్టుకోవడం: మొదటి రోజు నుంచి అడుగడుగునా

నెల్లూరు జిల్లాలో కోవూరు, బుచ్చి, అల్లూరు వైపు మిల్లుల్లో లెక్కలు చూసేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. "అన్నా, మీ ఓనరు గారు పొద్దున్నే ఫోన్‌లో చూసుకునే ఆ పేజీ ఎట్ట చేశారు? మేము మొదలుపెట్టి సగంలో వదిలేశాం." వదిలేసిన వాళ్ల ఫైళ్లు కొన్ని తెరిచి చూశాను. అన్నిటిలోనూ చిక్కు ఒక్క చోటే ఉంది. గ్రాఫులు బాగానే గీశారు, వాటి వెనకున్న షీటు మాత్రం సిద్ధంగా లేదు. అందుకే ఇందులో సగానికి పైగా షీటు గురించే చెబుతాను. ఓపిగ్గా చదవండి.

నేను వాడేది గూగుల్ షీట్స్, దానికి కలిపిన లుకర్ స్టూడియో (షీటులోని లెక్కల్ని గ్రాఫులుగా చూపించే గూగుల్ సాధనం). రెండూ ఉచితంగా మొదలుపెట్టవచ్చు. మీ ఆఫీసులో పవర్ బీఐ గానీ జోహో అనలిటిక్స్ గానీ ఉంటే బటన్ల పేర్లు మారతాయి, పని వరుస మాత్రం ఇదే. ధాన్యం బదులు రొయ్యల మేతో గ్రానైటో అమ్మే ఆఫీసుకూ ఇదే పద్ధతి సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవలసినవి

☐ ఒక నెల కాటా చీటీలు, కాగితాలే, తేదీల వరుసలో
☐ అదే నెల చిట్టా పుస్తకం
☐ మిల్లు పేరు మీద తెరిచిన గూగుల్ ఖాతా
☐ కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్ (చూడటానికి ఫోన్ చాలు, తయారు చేయడానికి చాలదు)
☐ ఎవరూ కదిలించని రెండు పూటలు

మూడో అంశాన్ని తేలిగ్గా తీసుకోకండి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట రిపోర్టులన్నీ ఒక కుర్రాడి సొంత జీమెయిల్‌లో ఉండేవి. అతను వేరే ఉద్యోగానికి వెళ్లి కొన్నాళ్లకు ఆ ఖాతా తీసేశాడు. రెండు సీజన్ల లెక్కలు మళ్లీ కాగితాల నుంచి ఎక్కించాల్సి వచ్చింది. తప్పు అతనిది కాదు, అప్పగింతలు చేసుకోని ఆఫీసుది. ఖాతా మిల్లుది కావాలి, పాస్‌వర్డ్ ఓనరు దగ్గర ఉండాలి, రికవరీ నంబరు కూడా ఆయనదే ఇవ్వాలి.

1. ఒక్క ప్రశ్న కాగితం మీద రాయండి

"మా వ్యాపారం మొత్తం కనబడాలి" అనుకుంటే ఏదీ కనబడదు. ఒక్క ప్రశ్న తీసుకోండి. మేము తీసుకున్నది ఇది: ఏ మండలం నుంచి వచ్చిన ఏ రకం ధాన్యం, కిరాయి, హమాలీ అన్నీ కలుపుకొని, మిల్లు గేటు దగ్గర పుట్టికి (850 కిలోలకు) ఎంత పడింది?

ఇందులోనే మీకు కావలసిన కాలమ్‌లన్నీ ఉన్నాయి చూడండి: మండలం, రకం, బరువు, ధర, కిరాయి, హమాలీ. వీటికి తేదీ, చీటీ నంబరు, తేమ శాతం చేరిస్తే షీటు తయారైనట్టే. ప్రశ్న లేకుండా మొదలుపెట్టిన వాళ్లు ముప్పై కాలమ్‌లు పెట్టి, పదో రోజుకు నింపలేక ఆపేస్తారు.

2. షీటు సిద్ధం చేయడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. ఇక్కడ తొందరపడితే తర్వాత ప్రతి నెలా టెన్షన్ పడాలి.

2.1 ఒక చీటీకి ఒక వరుస

ఒక కాటా చీటీలో ఒక రకం ధాన్యం ఉంటే అది ఒక వరుస. ఒకే లారీలో రెండు రకాలు వస్తే రెండు వరుసలు రాయాలి. మొదటి వరుసలో కాలమ్ పేర్లు మాత్రమే ఉండాలి. పైన మిల్లు పేరు, అడ్రసు, వినాయకుడి బొమ్మ పెట్టి, సెల్స్‌ను మెర్జ్ చేసి అలంకరించే అలవాటు మనకుంది. ప్రింటు తీసే షీటుకు అది బాగుంటుంది, ఈ షీటుకు పనికిరాదు.

నెలకో ట్యాబ్ పెట్టకండి. లుకర్ స్టూడియో ఒక డేటా సోర్స్‌కు (షీటుతో కలిపే ఒక్కో లంకెకు) ఒక ట్యాబ్‌నే చదువుతుంది. ఏడాది మొత్తం ఒకే ట్యాబ్‌లో కిందికి పోతూ ఉండాలి. ఒక గూగుల్ షీట్ ఫైలులో కోటి సెల్స్ దాకా పడతాయి, కాబట్టి మిల్లు చీటీలకు చోటు చాలదన్న భయం అక్కర్లేదు.

నెల చివర "మొత్తం" అని ఒక వరుస వేస్తుంటారు. దాన్ని తప్పకుండా తీసేయండి. ప్లాట్‌ఫామ్ (లుకర్ స్టూడియో) దాన్ని కూడా ఒక చీటీ అనుకుని కూడేస్తుంది, ఆ నెల కొనుగోలు సరిగ్గా రెట్టింపు కనిపిస్తుంది.

2.2 బరువు కిలోల్లోనే

మన దగ్గర ధాన్యం మాట పుట్టిలో నడుస్తుంది, నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ప్రకాశం వైపు నుంచి వచ్చే వ్యాపారి 75 కిలోల బస్తాలో చెబుతాడు. ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు. మూడూ ఒకే కాలమ్‌లో కలిసిపోతే ఇక ఆ షీటును ఎవరూ బాగుచేయలేరు.

ఒకటే నియమం పెట్టుకోండి. లోపల రాసేది కిలోలు, బయటికి చూపించేది పుట్లు. లారీ బరువు, ఖాళీ బరువు, తరుగు కిలోల్లో రాయండి. నికర కిలోలను షీటే తీసివేసి ఇవ్వాలి. పుట్లు కావాలంటే నికర కిలోలను 850తో భాగించే కాలమ్ ఇంకొకటి పెట్టండి.

పోల్చి చూసుకోవడానికి ఒక లెక్క గుర్తుంచుకోండి. 2025-26కు గ్రేడ్ ఎ ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. పుట్టికి ఎనిమిదిన్నర క్వింటాళ్లు కాబట్టి అది 20,306 రూపాయల 50 పైసలు. సాధారణ రకానికి 2,369, అంటే పుట్టికి 20,136 రూపాయల 50 పైసలు. మీ రిపోర్టులో ఏ రకానికైనా పుట్టి ధర రెండు వేలో రెండు లక్షలో కనబడితే యూనిట్ ఎక్కడో తప్పిందని వెంటనే తెలుస్తుంది.

2.3 అంకె ఉన్న గదిలో అంకె మాత్రమే

"8500 కేజీలు", "1,20,000/-", "సుమారు 300" ఇవన్నీ షీటు దృష్టిలో మాటలు. కూడికలోకి రావు. గుర్తుపట్టడం తేలిక. మీరు అలైన్‌మెంట్ మార్చకపోతే అంకెలు, తేదీలు గదిలో కుడివైపుకు జరిగి ఉంటాయి, మాటలు ఎడమవైపు ఉంటాయి. కాలమ్‌ను పైనుంచి కిందికి ఒకసారి చూడండి. ఎడమకు అతుక్కున్న అంకె కనబడితే అక్కడ సమస్య ఉంది.

కిరాయి లేని చోట ఖాళీ వదలకుండా 0 రాయండి. ధాన్యం సొమ్ము, కిరాయి, హమాలీ కలిపి "మొత్తం ఖర్చు" కాలమ్‌ను షీటులోనే తయారు చేయండి. ఈ మూడింటినీ లుకర్ స్టూడియోలో కూడితే, ఒక గది ఖాళీగా ఉన్నా ఆ వరుస మొత్తం ఖాళీ అయిపోయి ధాన్యం సొమ్ము కూడా లెక్కలోంచి జారిపోతుంది.

2.4 తేదీ: అన్నిటికన్నా ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది

కొత్త షీటు చాలాసార్లు అమెరికా పద్ధతిలో తెరుచుకుంటుంది. మీరు 05/06/2025 అని కొడితే మీ ఉద్దేశం జూన్ 5, షీటు మాత్రం మే 6 అనుకుంటుంది. 13/06/2025 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని మాటగా వదిలేస్తుంది. ఫలితం ఎలా ఉంటుందంటే, నెలలో మొదటి 12 రోజుల చీటీలు పన్నెండు నెలల్లోకీ చెదిరిపోతాయి, మిగతా రోజులవి గ్రాఫులో తేదీ లేకుండా మిగిలిపోతాయి. చూసేవాళ్లు "సాఫ్ట్‌వేర్ బాగాలేదు" అనుకుంటారు.

మొదటి చీటీ ఎక్కించక ముందే ఇలా చేయండి:

☐ ఫైల్ మెనూలో సెట్టింగ్స్ తెరవండి
☐ లొకేల్ (ఏ దేశం పద్ధతి) దగ్గర ఇండియా ఎంచుకోండి
☐ టైమ్ జోన్ భారతదేశానిదే ఉందో లేదో చూడండి
☐ ఒక గదిలో 13/06/2025 కొట్టి, అది కుడివైపుకు జరిగిందో లేదో చూడండి

ఇప్పటికే ఎక్కించేసి ఉంటే లొకేల్ మార్చినంత మాత్రాన పాత తేదీలు సరికావు. మే 6గా పడింది మే 6గానే ఉంటుంది. చీటీలు తీసి ఆ తేదీలు మళ్లీ కొట్టడమే మంచి మార్గం. చీటీలు తేదీల వరుసలో పెట్టుకోమని మొదట్లోనే చెప్పింది ఇందుకే.

2.5 సీజన్ కాలమ్ విడిగా ఉండాలి

మన జిల్లాలో పెద్ద పంట కోతలు మార్చి 31కి అటూ ఇటూ సాగుతాయి. తేదీని బట్టి ఆర్థిక సంవత్సరంగా విడగొడితే ఒకే పంట రెండు ఏళ్లలో పడుతుంది. అందుకని "రబీ 2025", "ఎడగారు 2025" (ఎడగారు అంటే రెండో పంట) అని సీజన్‌ను వేరే కాలమ్‌లో రాయండి. ఆడిటర్‌కు తేదీ కావాలి, ఓనరుకు సీజన్ కావాలి. రెండూ ఉంటే ఇద్దరికీ చెప్పగలం.

2.6 పేర్లు ఒకేలా రాయడం

మా షీటులో మొదటి నెల ఒకే ధాన్యానికి నాలుగు పేర్లు తేలాయి: "34449", "ఎన్ఎల్ఆర్ 34449", "నెల్లూరు మసూరి", "నె. మసూరి". గ్రాఫులో నాలుగు కడ్డీలు వచ్చాయి. బీపీటీ 5204 కూడా అంతే. ఒకరు సాంబా మసూరి అని, ఇంకొకరు బీపీటీ అని రాస్తారు. చివర ఒక స్పేస్ ఎక్కువ పడినా ప్లాట్‌ఫామ్‌కు అది వేరే పేరే.

రకాల జాబితా, మండలాల జాబితా రెండు వేరే ట్యాబ్‌లలో రాసుకోండి. డేటా మెనూలో డేటా వ్యాలిడేషన్ తెరిచి, ఆ కాలమ్‌కు డ్రాప్‌డౌన్ పెట్టండి. జాబితాలో లేని పేరు కొడితే తీసుకోవద్దని కూడా అక్కడే చెప్పవచ్చు. పాత పేర్లలో అదనపు స్పేస్‌లు పోవడానికి అదే మెనూలోని డేటా క్లీనప్‌లో ట్రిమ్ వైట్‌స్పేస్ వాడండి.

ఒక జాగ్రత్త. వేరే ఫైలు నుంచి కాపీ చేసి నేరుగా పేస్ట్ చేస్తే డ్రాప్‌డౌన్ చెరిగిపోతుంది. విలువలను మాత్రమే పేస్ట్ చేయాలి. దానికి కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కండి.

జిల్లా పేరును చీటీ వరుసలో రాయకండి, మండలం చాలు. మండలాల జాబితా ట్యాబ్‌లో పక్కన జిల్లా రాసుకుని, అక్కడి నుంచి తెచ్చుకోండి. 2022లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మారినప్పుడు, ప్రతి వరుసలో జిల్లా రాసుకున్న వాళ్లు వందల గదులు దిద్దుకున్నారు. హద్దులు మళ్లీ మారినా మీరు జాబితాలో ఒక్క గది మారిస్తే సరిపోవాలి.

2.7 రైతు వివరాలు ఇక్కడ వద్దు

ఫోన్ నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా ఈ షీటులో పెట్టకండి. మన ప్రశ్నకు అవి అక్కర్లేదు. రైతును ఒక కోడ్‌తో రాసి, కోడ్‌కు పేరు చెప్పే పుస్తకాన్ని బీరువాలోనే ఉంచండి. నమ్మి ఇచ్చిన వివరాలు లింకుల మీద ఊరంతా తిరగకూడదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది కాబట్టి ఇది ఆఫీసు బాధ్యత కూడా.

3. లుకర్ స్టూడియోకు కలపడం

షీటు బాగుంటే ఇది పావుగంట పని.

☐ మిల్లు ఖాతాతో లుకర్ స్టూడియో తెరవండి
☐ క్రియేట్ నొక్కి, రిపోర్ట్ ఎంచుకోండి
☐ కనెక్టర్ల జాబితాలో గూగుల్ షీట్స్ ఎంచుకుని, అనుమతి అడిగితే ఇవ్వండి
☐ మీ ఫైలు, అందులో కొనుగోళ్ల ట్యాబ్ ఎంచుకోండి
☐ మొదటి వరుసను హెడర్లుగా వాడమనే గడిలో టిక్ ఉండాలి
☐ యాడ్ నొక్కండి

ఒక చిన్న టేబుల్ దానంతటదే పేజీ మీద పడుతుంది. దాన్ని చూసి పని అయిపోయిందనుకోకండి.

4. ఫీల్డ్‌ల రకం సరిచూడండి

రిసోర్స్ మెనూలోంచి డేటా సోర్స్‌ను ఎడిట్ చేయడానికి తెరిస్తే మీ కాలమ్‌లన్నీ వరుసగా కనబడతాయి. తేదీకి డేట్, కిలోలకు నంబర్, మండలానికి టెక్స్ట్ అని ఉండాలి. తేదీ టెక్స్ట్‌గా ఉందంటే వెనక్కి వెళ్లి 2.4 మళ్లీ చేయండి. ఇక్కడ బలవంతంగా మార్చడం వల్ల షీటులోని తప్పు పోదు.

చీటీ నంబరు అంకె కాబట్టి ప్లాట్‌ఫామ్ దాన్ని కూడటానికి చూస్తుంది. దాన్ని టెక్స్ట్‌గా మార్చండి. ఆకుపచ్చగా కనిపించేవి డైమెన్షన్లు, అంటే వేటి వారీగా చూడాలో అవి. నీలంగా కనిపించేవి మెట్రిక్‌లు, అంటే కూడేవి.

5. పుట్టి సగటు ధరను సరిగ్గా కట్టడం

ఈ ఒక్క లెక్క తప్పితే మిగతా రిపోర్టంతా అబద్ధం చెబుతుంది.

మండలం నుంచి రెండు లాట్లు వచ్చాయనుకోండి. మొదటిది 10 పుట్లు, పుట్టికి 20,000. రెండోది 2 పుట్లు, పుట్టికి 23,000. ధర కాలమ్‌కు యావరేజ్ పెడితే 21,500 చూపిస్తుంది. మీరు నిజంగా ఇచ్చింది రెండు లక్షలు, ఇంకో 46 వేలు, మొత్తం 2,46,000. దాన్ని 12 పుట్లతో భాగిస్తే 20,500. పుట్టికి వెయ్యి రూపాయల తేడా. ఆ 21,500ను నమ్మి ఓనరు గారు ఆ మండలం ధాన్యం ఖరీదని వదులుకోవచ్చు.

యాడ్ ఎ ఫీల్డ్ నొక్కి, క్యాలిక్యులేటెడ్ ఫీల్డ్ తెరవండి. మొత్తం ఖర్చు కాలమ్‌కు సమ్ వేయండి, నికర కిలోలకు విడిగా సమ్ వేయండి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి 850తో గుణించండి. ముందు కూడాలి, తర్వాత భాగించాలి. వరుసకు వరుసకు భాగించి సగటు తీస్తే మళ్లీ పాత తప్పే వస్తుంది. తేమ శాతం సగటు కూడా ఇదే పద్ధతిలో, బరువుతో కలిపి కట్టాలి.

6. పేజీ మీద ఏం పెట్టాలి

మొదటి నెలకు ఇవి చాలు.

☐ పైన రెండు స్కోర్‌కార్డులు (ఒక్క అంకెను పెద్దగా చూపించే గడులు): మొత్తం పుట్లు, పుట్టికి పడిన ధర
☐ మధ్యలో మండలాల వారీ బార్ చార్ట్, పుట్టి ధర మీద
☐ కింద రకం వారీ టేబుల్: పుట్లు, పుట్టి ధర, తేమ
☐ ఒక తేదీ కంట్రోల్, ఒక సీజన్ డ్రాప్‌డౌన్

గుండ్రంగా, రంగు ముక్కలుగా ఉండే పై (pie) చార్ట్ కోసం వెతకొద్దు. అందులో పది మండలాలు పెడితే ఏ ముక్క పెద్దదో కంటికి ఆనదు. ఓనరు ఫోన్‌లోనే చూస్తారు కాబట్టి పేజీ వెడల్పు తగ్గించి, పొడవుగా పెట్టండి, అక్షరాలు పెద్దవి చేయండి.

7. చీటీలతో సరిచూడటం

ఎవరికీ చూపించక ముందు, ఒక వారాన్ని తీసుకోండి. కాటా చీటీల నికర బరువులు క్యాలిక్యులేటర్ మీద కూడండి. రిపోర్టులో అదే వారం పెట్టి చూడండి. రెండూ కిలోతో సహా కలవాలి. సొమ్మును చిట్టాతో కలపండి.

"కొంచెం తేడా ఉంది, పర్వాలేదు" అనుకోకండి. ఆ కొంచెం వెనక ఒక చీటీ రెండుసార్లు ఎక్కడమో, ఒక తేదీ చెదిరిపోవడమో ఉంటుంది. తేడా సరిగ్గా ఒక లారీ బరువంత ఉంటే దాదాపుగా చీటీ నంబరు రెండుసార్లు పడినట్టే. ఓనరు గారు మొదటి రోజే ఒక తప్పు పట్టుకుంటే మళ్లీ ఆ పేజీ తెరవరు. ఆయన కాటా చీటీని ముప్పై ఏళ్లుగా నమ్ముతున్నారు, మీ పేజీ నిన్న మొన్నటిది.

8. ఎవరికి, ఎంతవరకు చూపించాలి

షేర్ నొక్కి, మెయిల్ ఐడీలు ఒక్కొక్కటిగా చేర్చండి. చూడటానికి మాత్రమే అనుమతి ఇవ్వండి. లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చనే సెట్టింగ్ వద్దు. మీ కొనుగోలు ధర పక్క మిల్లు వాట్సాప్ గ్రూపులోకి చేరడానికి ఒక్క ఫార్వర్డ్ చాలు.

డేటా క్రెడెన్షియల్స్ (షీటును ఎవరి అనుమతితో చదవాలో చెప్పే సెట్టింగ్) దగ్గర ఓనర్స్ అని ఉంటే, రిపోర్టు చూసేవాళ్లకు షీటు తెరిచే హక్కు విడిగా ఇవ్వనక్కర్లేదు. షీటులో రాసే హక్కు గుమస్తాకు, మీకు చాలు. ఫార్ములాలు ఉన్న కాలమ్‌లను ప్రొటెక్ట్ చేయండి.

9. ఇబ్బంది కనబడితే ఇక్కడ వెతకండి

లారీ దిగింది, చీటీ ఎక్కించాం, పేజీలో రాలేదు: గూగుల్ షీట్స్ డేటా మామూలుగా 15 నిమిషాలకొకసారి తాజా అవుతుంది. ఆగలేకపోతే రిపోర్టు పైన మూడు చుక్కల మెనూలో రిఫ్రెష్ డేటా నొక్కండి.

షీటులో కొత్త కాలమ్ చేర్చాం, రిపోర్టులో లేదు: డేటా సోర్స్ తెరిచి రిఫ్రెష్ ఫీల్డ్స్ నొక్కాలి. కాలమ్ పేరు మార్చినా చార్టులు విరుగుతాయి, కాబట్టి పేర్లు మొదట్లోనే ఖాయం చేసుకోండి.

పాత చీటీలు మాయమయ్యాయి: ముందు తేదీ కంట్రోల్‌లో ఏ రోజులు ఉన్నాయో చూడండి. చాలాసార్లు అంతే.

ఎవరో వరుసలు చెరిపేశారు: షీటులో వెర్షన్ హిస్టరీ తెరిచి ముందురోజు రూపానికి వెళ్లవచ్చు. మొత్తం వెనక్కి తిప్పేస్తే ఈరోజు ఎక్కించినవీ పోతాయి, కాబట్టి పోయిన వరుసలను కాపీ చేసుకుని రండి.

ధాన్యానికి, బియ్యానికి కలిపి చూడబోతే బరువు పెరిగిపోయింది: దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మరపట్టిన బియ్యం ఎంత దిగిందో చూడాలని అందరికీ ఉంటుంది. ప్రభుత్వ మరపట్టులో పచ్చి బియ్యానికి 67 శాతం, ఉప్పుడు బియ్యానికి 68 శాతం లెక్క కాబట్టి దానితో పోల్చుకోవాలనిపిస్తుంది. ధాన్యం టేబుల్‌ను, బియ్యం టేబుల్‌ను లాట్ నంబరు మీద బ్లెండ్ చేస్తారు, అంటే రెండింటినీ ఒకటిగా కలుపుతారు. ఒకే లాట్ బియ్యం మూడు రోజుల్లో వెళ్లి, బియ్యం వైపు తేదీ కూడా పెడితే, ధాన్యం బరువు మూడు తేదీల పక్కనా మూడుసార్లు వచ్చి కూడుకుంటుంది. అప్పుడు 67 శాతం దిగాల్సింది 22 శాతంగా కనబడి గుండె ఆగినంత పనవుతుంది. బ్లెండ్‌లో లాట్ నంబరు తప్ప ఇంకో డైమెన్షన్ పెట్టకండి. అంతకన్నా మంచిది, లాట్‌కు ఒక వరుస చొప్పున ధాన్యం, బియ్యం, నూక, తవుడు పక్కపక్కన ఉండే ట్యాబ్ షీటులోనే తయారు చేసుకోవడం. ఇది రెండో నెల పని. మొదటి నెల ముట్టుకోవద్దు.

10. రోజూ చేయవలసింది

☐ చీటీ చేతికి వచ్చిన పూటే ఎక్కించాలి, మరుసటి రోజుకు దాచకూడదు
☐ ఎక్కించిన చీటీ మీద ఎరుపు పెన్నుతో టిక్
☐ సాయంత్రం గేటు మూసే ముందు లారీల సంఖ్య, ఆ రోజు వరుసల సంఖ్య కలుస్తున్నాయా (రెండు రకాలు వచ్చిన లారీకి రెండు వరుసలు)
☐ శనివారం ఒక్క మండలం చీటీలు తీసి రిపోర్టుతో సరిచూడాలి
☐ షెడ్యూల్ డెలివరీ పెట్టి సోమవారం పొద్దున్నే ఓనరు మెయిల్‌కు పీడీఎఫ్ వెళ్లేలా చేయాలి

కోతల రోజుల్లో రాత్రి పదకొండుకు కూడా లారీలు దిగుతాయి. ఆ నెలన్నర గుమస్తా ఒక్కడి మీద వదిలేయకుండా, చీటీలు ఎక్కించడానికి ఇంకొకరికి ముందే నేర్పండి. ఆ రెండో మనిషికి షీటులో రాసే హక్కు ఇచ్చారో లేదో మొదటి లారీ రాకముందే చూసుకోండి.